బంతి లేని భోజనం

మొన్న మా అక్క కూతురి పెళ్లి పనుల మీద జగ్దల్‌పూర్ పోతే, క్యాటరింగ్ ఆయన ఫోన్‌లో బొమ్మలు చూపించుకుంటూ గంటసేపు కూర్చున్నాడు. బఫే అయితే ఇట్లా, బల్లల మీద వడ్డన అయితే ఇట్లా, ఎదురుగా నిలబడి దోసె వేసిచ్చే కౌంటర్ పెడితే ఇట్లా. "మీకు ఏ రకం కావాలి దీదీ?" అన్నాడు. నేను అడిగింది ఒక్కటే మాట. "అన్నం ఎవరు పెడతారు?" అతను నన్ను వింతగా చూసి, "ఎవరిది వాళ్లే తీసుకుంటారు గదా" అన్నాడు. పక్కనే ఉన్న అక్క తల వంచుకుని కొంగు సవరించుకుంది. ఆ ప్రశ్న నాది కాదని ఆమెకు తెలుసు.

ముప్పై ఏళ్ల కిందట, ఈ అక్క పెళ్లిలోనే, కోంటలో మా ఇంటి ముందు టెంటు గుంజ పక్కన ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడి ఒక పెద్దామె నన్ను అడిగిన ప్రశ్న అది. జవాబు నాకు బాగా తెలుసనుకున్నాను అప్పుడు. ఎంత పొగరో చూడండి.

నాకప్పుడు పదకొండేళ్లు. మాది కోంట బజారులో కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. చుట్టుపక్కల అడవి ఊళ్ల దొర్ల గిరిజనులు తెచ్చే చింతపండు, ఇప్పపువ్వు నాన్న కొనేవాడు. ఇంట్లో నాన్న, అమ్మ, నానమ్మ, అక్క, నేను. నాకు పుట్టుకతోనే ఒక జబ్బుండేది. ఎవరు ఏం తింటున్నారో, ఎట్లా తింటున్నారో చూడకపోతే నాకు తోచదు. పప్పు ముందు కలుపుకునే వాళ్లు, పెరుగు దాచుకుని చివర్లో తినే వాళ్లు, అప్పడం ఎవరూ చూడకుండా రెండోది తీసుకునే వాళ్లు, అందరి లెక్కా నా దగ్గర ఉండేది. "ఇది నోటితో కాదు, కళ్లతో తింటది" అనేది నానమ్మ.

అందుకని అక్క పెళ్లి కుదిరినప్పుడు నగలు, చీరలు నాకు పట్టలేదు. భోజనాలు ఎట్లా పెడతారన్నదే నా ఆసక్తి అంతా. అప్పటిదాకా కోంటలో తెలిసింది ఒకటే పద్ధతి, బంతి. చాపలు పరిచి, వరసగా అడ్డాకు విస్తర్లు వేసి, అందరినీ ఒక్కసారి కూర్చోబెట్టి, ఇంటివాళ్లే వంగి వడ్డించేవాళ్లు. మొదటి బంతి మగపెళ్లివారిది. తర్వాత మా చుట్టాలది. ఆ తర్వాత బజారు షావుకార్లది. చిట్టచివరి బంతి, అది కూడా టెంటు బయట గోడ పక్కన, కొట్టుకు సరుకు తెచ్చే దొర్లవాళ్లది. ఇదంతా ఎవరూ రాసిపెట్టలేదు. కానీ ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆ చివరి బంతి దగ్గరే మా ఇంట్లో పేచీ మొదలైంది.

నన్ను ఆ ప్రశ్న అడిగిన అవ్వ గురించి చెప్పాలి. ఆమె వాగు అవతల ఊరి దొర్ల మనిషి. మా అక్క పుట్టినప్పుడు అమ్మకు జ్వరం పట్టుకుని నెలల తరబడి వదలలేదట. పాలు లేవు. డబ్బా పాలు పోస్తే పిల్ల కక్కేస్తోంది. అప్పుడు నానమ్మ స్వయంగా ఆదివారం సంతకు పోయి, అయిదో బిడ్డకు పాలిస్తూ ఒక చెట్టు మొదట్లో కూర్చున్న ఈమెను చూసి, రెండు చేతులూ పట్టుకుందట. మర్నాటి నుంచి అవ్వ రోజూ తెల్లవారేసరికి చంకలో తన బిడ్డతో వాగు దాటి వచ్చేది. మా వెనక అరుగు మీద కూర్చుని, అటు తన బిడ్డకు, ఇటు మా అక్కకు పాలిచ్చేది. అక్క బతికింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు, సంత రోజు అవ్వ రాకుండా ఉన్నది తక్కువ. వచ్చి, ఆ వెనక అరుగు మీదే కూర్చుని, "నా పిల్ల ఏది?" అనేది. అక్క వచ్చి కాసేపు పక్కన కూర్చునేది. అమ్మ విస్తరిలో అన్నం పెడితే అక్కడే తిని, ఆకు తీసి పారేసి, నీళ్లు చల్లి పోయేది. అరుగు దాటితే తలుపు. తలుపు అవతల వంటిల్లు. ఆ తలుపు ఆమె ఏనాడూ దాటలేదు, దాటమని ఎవరూ అనలేదు.

నేను ఒకసారి నానమ్మను అడిగాను. "ఆమె పాలు అక్క కడుపులోకి పోవచ్చు గానీ, ఆమె మన వంటింట్లోకి రాగూడదా?" నానమ్మ నా వంక ఒక్క క్షణం చూసి, "నోరు మూసుకుని పోయి పప్పు ఏరు" అంది. నానమ్మ దగ్గర జవాబు లేనప్పుడల్లా మా ఇంట్లో ఏరాల్సిన పప్పు తప్పకుండా ఉండేది.

పెళ్లికి పిలవాల్సిన వాళ్ల పేర్లు నాన్న రాస్తుంటే అమ్మ ఆ మాట తెచ్చింది. అమ్మ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "మిగతావన్నీ మీ ఇష్టం. అవ్వ మాత్రం అందరితో కలిసి తినాలె. గోడ పక్కన కాదు. అదొక్కటి జరగకపోతే నాకు నా బిడ్డ పెళ్లి అయినట్టే ఉండదు" అంది. నాన్న కలం పక్కన పెట్టి తల గోక్కున్నాడు. ఆయన కష్టం ఆయనది. అవ్వను నడిమి బంతిలో కూర్చోబెడితే మగపెళ్లివారి పెద్దలు విస్తరి ముందు నుంచి లేచిపోయినా లేచిపోతారు. లేవకపోయినా, మడి కట్టుకునే నానమ్మ ఆ పూట అన్నం ముట్టదు. ఆయన అమ్మనూ కాదనలేడు, తన తల్లినీ కాదనలేడు.

దారి చూపించింది మా మేనమామ. జగ్దల్‌పూర్‌లో ఉంటాడు కాబట్టి లోకం చూసినవాడని మా అందరికీ గురి. "బావా, బఫే పెట్టేయ్. దాంట్లో వరసలే లేవు. ఎవరి ప్లేటు వాళ్లది, ఎవరికి తోచిన చోట వాళ్లు నిలబడతారు. ఇంక ఎవరి పక్కన ఎవరన్న మాట ఎక్కణ్ణించి వస్తది?" అన్నాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. నాన్నకు కూడా గండం గడిచినట్టయింది. బంతే లేకపోతే చివరి బంతి ఎక్కడిది? మాకు అది ఎంత తెలివైన లెక్కగా కనిపించిందో చెప్పలేను.

అయితే బఫే అంటే ఎట్లా ఉంటదో మా ఇంట్లో ఎవరూ చూడలేదు. సుక్మాలో ఒక ఆఫీసరు గారి కూతురి పెళ్లికి నాన్నకు పిలుపు వచ్చింది, అక్కడ బఫే పెడుతున్నారని తెలిసింది. సుక్మా అప్పటికింకా జిల్లా కాలేదు. "దీన్ని తీసుకుపో. ఇది చూసినట్టు మీరు చూడలేరు" అని అమ్మ నన్ను కూడా బస్సెక్కించింది.

అక్కడ నేను చూసినంత శ్రద్ధగా పెళ్లికొడుకు కూడా పెళ్లికూతుర్ని చూసి ఉండడు. తెల్లబట్ట పరిచిన పొడుగాటి బల్లలు. వాటి మీద మూతలున్న పెద్ద ఇత్తడి గిన్నెలు, కింద సన్నగా మంట. ముందు ప్లేట్లు, తర్వాత సలాడ్, తర్వాత పూరీ, పనీర్, జీరా అన్నం, చివర్లో గులాబ్ జామ్. బల్లల వెనక టోపీలు పెట్టుకున్న మనుషులు నిలబడ్డారు గానీ, పూరీ తప్ప ఏదీ పెట్టరు. జనం లైనులో నడుచుకుంటూ పోతూ వాళ్లంతట వాళ్లే వేసుకుంటున్నారు. ఒక పెద్దమనిషి గులాబ్ జామ్‌లు ముందే తెచ్చుకుని వాటి మీద పూరీలు కప్పాడు. ఇంకొకాయన ఎడమచేత్తో ప్లేటు పట్టుకుని, కుడిచేత్తో తింటూ, నీళ్లగ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక నాన్న చేతికిచ్చాడు. నాన్న ఆయన తినేదాకా దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. నాకు నవ్వాగలేదు. కానీ మామయ్య చెప్పింది నిజమే. తహసీలు గుమాస్తా, ఆయన పై అధికారి, మా కొట్టుకు వచ్చే జీపు డ్రైవరు, అందరూ ఒకే గిన్నెలో గరిటె పెట్టారు.

ఇంటికొచ్చి అమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాను. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఎవరూ ఎవరినీ పొమ్మనలేదా?" అని రెండుసార్లు అడిగింది. లేదన్నాను. నానమ్మ మాత్రం విని మండిపడింది. "పిలిచినోళ్లు పెట్టాలె. పిలిచి, ప్లేటు చేతికిచ్చి, పోయి ఏరుకుని తినుమంటరా? నిలబడి తినుడేంది? నాకు ఆ అన్నం వద్దు. వంటింట్లో నా కుంపటి మీద నేనింత వండుకుంట." నాన్న సరేనన్నాడు. ముసలామె చాదస్తం అని మేమందరం లోపల్లోపల నవ్వుకున్నాం.

జగ్దల్‌పూర్ క్యాటరింగ్ ఖాయమైంది. అవ్వను పిలవడానికి అమ్మ తనే సంతకు పోయింది, నేను వెంట పోయాను. బొట్టు పెట్టి, అక్షింతలు చేతిలో పెట్టి, "మీ వాళ్లందరినీ తీసుకొని రావాలె" అంది. అవ్వ అక్షింతలు కొంగుకు ముడేసుకుని, "నాది ఎన్నో బంతి సావుకారమ్మా?" అని అడిగింది. ఎగతాళి కాదు. ఎప్పుడు రావాలో తెలుసుకోవడానికి అడిగింది, అంతే. ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు అమ్మ నవ్వింది. "ఈసారి బంతే లేదవ్వా." అవ్వ కొంగు ముడిని వేళ్లతో కాసేపు తడుముకుంది. దారిలో అమ్మ, "ఎంత సంతోషపడిందో, మాటే రాలేదు పాపం" అంది. నేను కూడా అవునన్నాను.

పెళ్లి రోజు పొద్దునే తలంబ్రాలు అయిపోయాయి. మధ్యాహ్నం భోజనాలు మొదలయ్యాయి. నేను ఆ రోజంతా బఫే మాస్టర్ని. బజారు షావుకార్ల పెళ్లాలకు ప్లేటు ఎక్కడ తీసుకోవాలో, ఎటు నుంచి ఎటు నడవాలో చూపిస్తున్నాను. మగపెళ్లివారి పెద్దలు మొదట ముఖాలు చిట్లించినా, గులాబ్ జామ్ దాకా వచ్చేసరికి మెత్తబడ్డారు. అప్పుడు గేటు దగ్గర అవ్వ కనిపించింది. నెత్తి మీద ఒక మోపు, వెనక వాళ్ల ఊరివాళ్లు పదిమంది. మోపు దించితే అన్నీ పచ్చి అడ్డాకు విస్తర్లు, అప్పుడే కుట్టినవి. వాళ్ల ఊళ్లలో విందుకు ఉత్త చేతులతో పోరు. ఆకులు కుట్టుకుని పోతారు, పిలిచినవాళ్లు వాటిలో పెడతారు. క్యాటరింగ్ మనిషి ఆ మోపును గోడ పక్కకు జరిపించి, అందరి చేతికీ తలా ఒక ప్లేటు ఇచ్చాడు.

నేను వేరే పని మీద పోయి వచ్చేసరికి చాలాసేపయింది. అవ్వ ఇంకా టెంటు గుంజ పక్కనే నిలబడి ఉంది. ప్లేటు ఖాళీ. ఆమె వెనక వచ్చిన పదిమందీ గోడ పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటనే, వరసగా కూర్చుని, ఖాళీ ప్లేట్లు ముందు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. మేము తీసేసిన బంతిని వాళ్లే వేసుకున్నారు. తినేవాళ్లు వాళ్ల పక్క నుంచే నడుచుకుంటూ పోతున్నారు, ఎవరికీ ఏమీ అనిపించడం లేదు.

నేను పెద్ద ఆరిందాలాగా పోయి, "ప్లేటు ఇట్లా పట్టుకుని రా అవ్వా, నేను చూపిస్తా" అన్నాను.

"ఎవరు పెడతరు?" అంది అవ్వ.

"ఎవరూ పెట్టరు. ఎవరిది వాళ్లే తీసుకోవాలె."

అవ్వకు అది నేనాడే ఆట అనిపించినట్టుంది, నవ్వింది. "మంది ఇంట్ల కుండల చెయ్యి పెట్టి తింటరా బిడ్డా? ఎవరన్న సూస్తే ఏమనుకుంటరు? తీసుకొని తినేది సొంతింట్లనే."

నా బఫే విద్య అంతా అక్కడే ఆగిపోయింది. అమ్మ దగ్గరికి ఉరికాను. మగపెళ్లివారి ఆడవాళ్లకు తాంబూలాలిస్తోంది. చెవిలో చెప్పగానే పళ్లెం ఎవరి చేతిలోనో పెట్టేసి వచ్చింది. ఆ ఖాళీ ప్లేట్ల వరస చూసింది. అవ్వ చెయ్యి పట్టుకుని, "అట్లా అనకు అవ్వా. ఇది నీ ఇల్లే అనుకో. నీ చేత్తో తీసుకో" అంది.

అవ్వ అమ్మ ముఖం వంక చూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "నా ఇల్లయితే, పొయ్యి ఏడున్నదో తెల్వొద్దా సావుకారమ్మా? ఇరవై ఏండ్లాయె నేను రావట్టి. ఈ ఇంట్ల పొయ్యి ఏ పక్కనున్నదో నాకు తెల్వదు."

నాకు ఇప్పటికీ ఆ నిమిషం తల్చుకుంటే సిగ్గేస్తుంది. అన్నీ చూసే పిల్లనని విర్రవీగిన నేను, ఆ తలుపు ఇరవై ఏళ్లుగా మూసి ఉండడం గురించి ఒక్కసారి అడిగి, పప్పు ఏరడానికి పోయాను. అమ్మ నాన్నను కేకేసి, గోడ వైపు చూపించింది. నాన్నకు రెండో మాట చెప్పాల్సిన పని లేకపోయింది. మోపు విప్పి వాళ్ల విస్తర్లే వాళ్ల ముందు వేసి, బల్ల మీది గిన్నె లేపుకొచ్చి, పెళ్లి పంచె నడుముకు దోపుకుని వంగి వడ్డించడం మొదలుపెట్టాడు. క్యాటరింగ్ మనిషి "సేట్‌జీ, సేట్‌జీ" అంటూ వెంటపడ్డాడు. నాన్న వినిపించుకోలేదు.

అమ్మ ఆ మోపులోంచి ఒక విస్తరి తీసుకుని, అవ్వ చెయ్యి వదలకుండా లోపలికి నడిచింది. వెనక అరుగు వైపు కాదు. వీధి గుమ్మంలోంచి, హాల్లోంచి, పెళ్లివారి మధ్యలోంచి. నేను వాళ్ల వెనకే పోయాను. లోపల ఎవరున్నారో నాకు తెలుసు.

వంటింటి గడప లోపలే నానమ్మ పీట వేసుకుని కూర్చుని ఉంది. మడిచీరలో ఉంది. ముందు విస్తరి, అందులో సగం తిన్న అన్నం. మడిలో తింటున్నప్పుడు బయటివాళ్లు వంటింట్లో అడుగు పెడితే నానమ్మ లేచిపోతుంది. ఆ పూటకు ఇంక ముద్ద ముట్టదు, కుండలన్నీ మళ్లీ కడగాలి. అమ్మకు అది నాకంటే బాగా తెలుసు. అయినా గడప దగ్గర ఆగి, "అత్తమ్మా, అవ్వకు ఎవరూ పెట్టలేదు. ఖాళీ ప్లేటు పట్టుకొని ఇంతసేపు నిలబడింది" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

నానమ్మ చేతిలో ముద్ద ఆగింది. అవ్వ వంక చూసింది. అవ్వ కూడా నానమ్మను చూసింది. ఒకప్పుడు సంతలో చేతులు పట్టుకుని అడిగిన మనిషి, ఆ మాట కాదనకుండా రోజూ వాగు దాటి వచ్చిన మనిషి. ఆ పెళ్లి మొత్తంలో, పిలిచినవాళ్లే పెట్టాలె అన్నది ఈ ఇద్దరే అని నాకు అప్పుడు తట్టింది. నానమ్మ మమ్మల్ని తిట్టింది కూడా అదే మాటతోనే. ఆ మాటను మేము చాదస్తం అన్నాం.

నానమ్మ లేవలేదు. ఎడమచేత్తో విస్తరిని ఒక జానెడు లోపలికి లాక్కుంది. తర్వాత ఒళ్లు కూడదీసుకుని, కూర్చున్న పీటతో సహా గోడ వైపు జరిగింది. గడపలో మనిషి పట్టేంత చోటు అయింది. అవ్వ గడప దాటింది. వంటింటి నడుమ నిలబడి పొయ్యి చూసింది, పొయ్యి మీది గూడు చూసింది, గోడ వారన ఉన్న కుంపటి చూసింది. అమ్మ ఇచ్చిన విస్తరి నానమ్మ ఎదురుగా పరుచుకుని కూర్చుంది. అన్నం గిన్నె మీది మూత తనే తీసి, తన చేత్తో తనే పెట్టుకుంది. తర్వాత దేనికోసమో అటూ ఇటూ చూసింది.

"పప్పు ఆ మూల గిన్నెలో ఉన్నది" అంది నానమ్మ, తన విస్తరి మీద నుంచి తల ఎత్తకుండానే. "నువ్వు వేసుకొని, నాకింత వెయ్యి."